మొదటి పైథాన్ ఎంచుకోవడం ఎలా: రంగు సంగతి చివర్లో చూద్దాం

పైథాన్ (కొండచిలువ) పెంచుకోవాలనుంది, ఏది తెచ్చుకోమంటారు అని అడిగేవాళ్ళలో ఎక్కువమంది అప్పటికే ఏదో ఒక ఫొటో చూసి మనసు పారేసుకుని ఉంటారు. ఒళ్ళంతా పాలలా తెల్లగా, నీలం కళ్ళతో ఉన్న పిల్ల పాము ఫొటోనో, నిమ్మపండు రంగులో మెరిసిపోతున్నదో. అందులో తప్పేమీ లేదు, నేనూ అలాగే మొదలుపెట్టాను. కాకపోతే ఆ ఫొటోలో కనపడనివి మూడున్నాయి. అది పెద్దయ్యాక ఎంతుంటుంది, ఎన్నేళ్ళు బతుకుతుంది, ఇవాళ్టికి సరిగ్గా తింటోందా లేదా. ఈ మూడింటికీ జవాబు దొరికాకే రంగు దగ్గరికి రండి.

నేను ఆ మూడోది అడగకుండా తెచ్చుకున్నాను. అమ్మినాయన "బాగా తింటుందండీ, ఏ ఇబ్బందీ లేదు" అన్నాడు, నేను నమ్మేశాను. చివరిసారి ఎప్పుడు తింది, ఏం తింది, ఇచ్చింది బతికున్న ఎలుకా చచ్చినదా, ఒక్క ముక్క అడగలేదు. ఇంటికొచ్చాక 11 వారాలు అది ఏమీ ముట్టలేదు. వారానికోసారి చిట్టెలుకను వెచ్చబెట్టి పటకారుతో ముందు పెట్టడం, అది తల వెనక్కి లాక్కుని ముడుచుకుపోవడం, మర్నాడు పొద్దున్నే ఆ ఎలుకను తీసి పారేయడం, చిన్న త్రాసు మీద డబ్బా పెట్టి పామును తూచడం, రెండు గ్రాములు తగ్గిందంటే ఆ రాత్రంతా టెన్షన్. తర్వాత తెలిసిందేమిటంటే అది అప్పటిదాకా బతికున్న ఎలుకలు మాత్రమే తిన్న పిల్ల, పైగా నేను పెట్టిన గాజు పెట్టె నాలుగువైపులా బోసిగా, దాక్కోవడానికి ఒకే ఒక్క గూడుతో ఉంది. మూడువైపులా అట్టలు అంటించి, రెండో గూడు పెట్టి, పది రోజులపాటు అవసరమైతే తప్ప ఆ గదిలోకి వెళ్ళకుండా ఉంటే అప్పుడు తింది. ఆ 11 వారాలు ఇంకెవరికీ రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఇంట్లో తేలాల్సినవి

కొత్తవాళ్ళకు నేను మొదట చెప్పే చిన్న జాతి బాల్ పైథాన్, సరిగ్గా చూసుకుంటే 20 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూకి 1961లో వచ్చిన ఒక ఆడ బాల్ పైథాన్, ఏళ్ళ తరబడి మగదాని తోడు లేకుండానే, 2020లో గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు 60 దాటి ఉంటుందని జూ వాళ్ళ అంచనా. అంత కాలం అన్నీ బతకవు గానీ, ఇరవై ఏళ్ళ వయసులో పామును తెచ్చుకున్న మనిషికి నలభై ఐదు వచ్చేసరికి కూడా ఆ పాము ఇంట్లోనే ఉండొచ్చు. చదువు, ఉద్యోగం, ఇల్లు మారడం, పెళ్ళి, పిల్లలు, అన్నిట్లోనూ అది మీతోనే ఉంటుందని లెక్క వేసుకోండి.

రెండోది చట్టం. ఇది దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల ఒకే దేశంలో ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది. కొన్నిచోట్ల లైసెన్సు కావాలి, కొన్నిచోట్ల కొన్ని జాతులు పూర్తిగా నిషేధం, కొన్నిచోట్ల స్థానిక జాతిని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. కొండచిలువల కుటుంబం మొత్తం అడవి జంతువుల, మొక్కల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఉంది కాబట్టి సరిహద్దు దాటి వచ్చిన ప్రతి పాముకీ కాగితాలు ఉండాలి. కాగితాలు లేని పామును ఎంత చవగ్గా ఇస్తానన్నా వద్దనండి. అడవిలోనో పొలం గట్టునో కనపడిన కొండచిలువను తెచ్చి పెంచుకోవడమనేది అసలు ఆలోచనలోకే రానివ్వకూడదు, అది దాని చోటు, దాన్ని అక్కడే వదిలేయాలి.

మూడోది ఇంట్లోవాళ్ళు. మీ ఫ్రీజర్లో చచ్చిన ఎలుకలు ఉంటాయి. దీన్ని మెత్తగా చెప్పే దారి నాకు దొరకలేదు, ముందే చెప్పేయండి. వీలైతే వాటికోసం వేరే చిన్న ఫ్రీజర్ పెట్టుకోవడం మేలు. పాములు పైకి ఆరోగ్యంగా ఉన్నా వాటి ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఇంకా జాగ్రత్త, వంట చేసే చోట దాని గిన్నెలు కడగొద్దు. ఇంకొకటి, కుక్కలకీ పిల్లులకీ డాక్టర్లు చాలామంది ఉంటారు గానీ సరీసృపాలను చూసేవాళ్ళు తక్కువ. పాము జబ్బుపడ్డాక వెతుక్కోవడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ముందే ఒకరిని కనుక్కుని ఫోన్ నంబర్ రాసిపెట్టుకోండి.

ఏ జాతి

పైథాన్లకు విషం లేదు. చుట్టుకుని బిగించి చంపి తింటాయి. కరుస్తాయి, వాటి పళ్ళు వెనక్కి వంగిన సూదుల్లాంటివి, చిన్న పైథాన్ కరిస్తే సన్నటి గాట్లు పడి కాస్త రక్తం వస్తుంది, సబ్బుతో కడిగితే సరిపోతుంది. అసలు సమస్య సైజు. అందుకే కొత్తవాళ్ళు జాతిని ఎంచుకోవడమంటే ముందు పెద్దయ్యాక ఉండే పొడవును, బరువును ఎంచుకోవడమే.

నా మొదటి సలహా బాల్ పైథానే. పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి మైదానాల జంతువు. భయపడితే కరవడానికి రాకుండా తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, పేరు అందుకే వచ్చింది. బ్రిటన్‌లో దీన్నే రాయల్ పైథాన్ అంటారు. పెద్ద మగది సుమారు మీటరు, ఆడది 120 నుంచి 150 సెంటీమీటర్లు, బరువు కిలోన్నర, రెండు కిలోల దగ్గర. ఒక మనిషి రెండు చేతులతో హాయిగా పట్టుకోగలిగిన పాము, కదలికలు నిదానం, స్వభావం నెమ్మది. దీని లోపం కూడా చెప్పాలి, తిండి దగ్గర పేచీలు పెడుతుంది. ఎదిగిన మగవి జతకట్టే కాలంలో నెలల తరబడి తినకుండా ఉండటం మామూలే. ఒంట్లో కండ తగ్గకుండా, బరువు నిలకడగా ఉన్నంతవరకు భయపడక్కర్లేదు. ఈ మాట నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు.

తిండి విషయంలో ఆ బెంగ వద్దనుకుంటే ఆస్ట్రేలియా జాతుల్లో చిన్నవి చూడండి. చిల్డ్రన్స్ పైథాన్ అని ఒకటుంది. పేరు చూసి పిల్లలకోసం అనుకుంటారు, కాదు, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ జార్జ్ చిల్డ్రన్ అనే ఆయన పేరు మీద 1842లో పెట్టిన పేరది. సుమారు మీటరు లోపే ఉంటుంది. దాని దగ్గరి బంధువు స్పాటెడ్ పైథాన్ కాస్త పెద్దది, లేత గోధుమ రంగు మీద ముదురు మచ్చలతో ఉంటుంది, తిండిని చూస్తే వెంటనే దూకుతుంది. ఈ రెండిటిలో గుడ్డులోంచి కొత్తగా వచ్చిన పిల్లలు మాత్రం మరీ సన్నగా ఉంటాయి, కొన్ని మొదట్లో బల్లుల వాసన తగిలితే తప్ప ఎలుకను ముట్టవు. అందుకని చిట్టెలుకలకు బాగా అలవాటుపడిన, కొన్ని నెలల వయసున్న పిల్లనే అడగండి. నన్ను నిజాయితీగా చెప్పమంటే, దొరికితే మొదటి పాముగా స్పాటెడ్ పైథాన్ బాల్ పైథాన్ కన్నా ఏ మాత్రం తీసిపోదు, కాకపోతే చాలాచోట్ల అంత సులువుగా దొరకదు.

కార్పెట్ పైథాన్ చాలా అందమైన పాము, చురుగ్గా ఉంటుంది, కొమ్మలెక్కుతుంది, చూస్తూ కూర్చుంటే పొద్దు తెలీదు. రకాన్ని బట్టి 2 మీటర్లు, ఆ పైన కూడా పెరుగుతుంది, పిల్లప్పుడు చెయ్యి పెడితే కాటు వేసే అలవాటు ఎక్కువ, పెద్దయ్యేకొద్దీ శాంతిస్తుంది. పాములంటే ఏమాత్రం బెదురు లేనివాళ్ళకు ఇది మొదటి పాముగా పనికొస్తుంది, కాస్త బెదురున్నా ఆరు నెలల్లో పెట్టె తెరవడమే మానేస్తారు.

బ్లడ్ పైథాన్ రెండోదిగా తెచ్చుకోండి, పొడవు తక్కువే గానీ దుంగలా బరువుంటుంది, తేమ బాగా ఎక్కువ కావాలి. ఆకుపచ్చ ట్రీ పైథాన్ చేతిలోకి తీసుకుని తిప్పే పాము కాదు, కొమ్మ మీద చుట్టుకుని ఉన్నప్పుడు చూడటానికే, తేమా గాలీ రెండూ సరిగ్గా కుదరకపోతే త్వరగా జబ్బుపడుతుంది.

ఇక బర్మీస్, రెటిక్యులేటెడ్, ఆఫ్రికన్ రాక్ పైథాన్లు. కొత్తవాళ్ళకు వద్దే వద్దు. బర్మీస్ పిల్ల అరచేతిలో ముద్దుగా ఉంటుంది, సరిగ్గా తింటే రెండేళ్ళలో 2 మీటర్లు దాటేస్తుంది, పెద్దయ్యాక 4, 5 మీటర్లు. రెటిక్యులేటెడ్ అయితే ప్రపంచంలోకెల్లా పొడవైన పాము, 6 మీటర్లు దాటినవి ఉన్నాయి. ఆ సైజు పామును ఒక్కరే ఉన్నప్పుడు బయటికి తీయడం ప్రాణాలతో చెలగాటం. పెంచలేక వదిలేసినవి ఏమవుతాయో ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో చూడొచ్చు, పెంపుడు జంతువుల వ్యాపారం నుంచి బయటపడ్డ బర్మీస్ పైథాన్లు అక్కడ సంతానం పెంచుకుని చిన్న జంతువులను దాదాపు తుడిచిపెట్టేశాయి. 2012లో అమెరికా ప్రభుత్వం వాటి దిగుమతిని ఆపేసింది.

ఎక్కడ పుట్టింది, ఎంత వయసు

అమ్మేవాళ్ళను మొదట అడగాల్సిన ప్రశ్న, ఇది మీ దగ్గరే గుడ్డులోంచి వచ్చిందా అని. బాల్ పైథాన్లు మూడు దారుల్లో వస్తాయి. అడవిలో పట్టినవి. అడవిలో గుడ్లతో ఉన్న ఆడపామును పట్టి, ఆ గుడ్లు పొదిగించి ఎగుమతి చేసిన పిల్లలు, ఇవి ముఖ్యంగా ఘనా, టోగో, బెనిన్ నుంచి వస్తాయి. మూడోది, పెంపకంలోనే పుట్టిన తల్లిదండ్రులకు పెంపకంలోనే పుట్టినవి. మీకు కావాల్సింది ఈ మూడోదే. అడవిలో పట్టిన వాటికి ఒంటి మీద గోమార్లు, కడుపులో పురుగులు ఉంటాయి, మనిషిని చూస్తే భయం, తిండి మానేస్తాయి. "ఫారంలో పెంచినది" అనే మాట వింటే రెండో రకం కాదు కదా అని గుచ్చి గుచ్చి అడగండి.

వయసు విషయంలో నా అభిప్రాయం, అప్పుడే పుట్టిన పిల్ల వద్దు. 50, 60 గ్రాముల పిల్ల నాలుగు వారాలు తినకపోతే మీకు కంగారు, దానికి కష్టం. ఆరు నెలల నుంచి ఏడాది మధ్య ఉన్నది, కనీసం వరసగా పది సార్లు తిన్న రికార్డు ఉన్నది అయితే మంచిది. కొంచెం ఖరీదు ఎక్కువ పడినా ఆ తేడా మీ నిద్రకు మీరిచ్చుకునే ధర. పెంచలేక వేరే ఇంటికి ఇచ్చేస్తున్న పెద్ద పామును తీసుకోవడం కూడా చాలా మంచి దారి, దాని సైజు, స్వభావం, తిండి అలవాటు అన్నీ కళ్ళ ముందే ఉంటాయి, పైగా చాలాసార్లు పెట్టె, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ కూడా దాంతోపాటే వస్తాయి. ఆడా మగా పెద్ద తేడా లేదు, చిన్నగా ఉండాలంటే మగది, తిండిలో కాస్త నిలకడ కావాలంటే ఆడది.

చేతిలోకి తీసుకుని చూడండి

ఫొటో చూసి డబ్బు పంపకండి, వెళ్ళి చూడండి. వెళ్ళేటప్పుడు ఒక తెల్ల టిష్యూ కాగితం, చిన్న టార్చి తీసుకెళ్ళండి.

పాము కన్నా ముందు పెట్టెను చూడండి. నీళ్ళ గిన్నెలో అడుగున మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనపడితే అవి మైట్స్, రక్తం తాగే చిన్న పురుగులు, పాము వాటి బాధ తట్టుకోలేక నీళ్ళలో పడుకున్నప్పుడు మునిగి చచ్చినవి. ఆ ఒక్క పాములోనే కాదు, ఆ గదిలో ఉన్న అన్నిట్లోనూ ఉన్నాయనే అర్థం. ఏమీ కొనకుండా బయటికి వచ్చేయండి, ఇంటికెళ్ళి బట్టలు మార్చుకోండి.

గిన్నె బాగుంటే పామును తీసి చేతిలో పెట్టమనండి. ఆరోగ్యంగా ఉన్న పాము తడిగా, జిగటగా ఉండదు, పొడిగా, నున్నగా, లోపల కండ కదులుతున్నట్టు బిగువుగా ఉంటుంది. చేతిలో పెట్టగానే వేళ్ళ చుట్టూ తోక బిగించి పట్టుకుంటుంది, ఆ పట్టు తెలియాలి. తడిగుడ్డ వేలాడినట్టు వేలాడితే అది మంచితనం కాదు, నీరసం. బాల్ పైథాన్ అయితే కాసేపు ముడుచుకుపోవచ్చు, అది మామూలే, ఓపిగ్గా ఆగితే నాలుక బయటపెట్టి వాసన చూస్తూ మెల్లగా విచ్చుకుంటుంది.

అది విచ్చుకుంటుండగా వెన్నెముక మీద బొటనవేలితో మెడ నుంచి తోకదాకా మెల్లగా నిమరండి. మధ్యలో ఎక్కడైనా మెట్టు తగిలినట్టు, వంకర తిరిగినట్టు అనిపించకూడదు. వెన్నెముక కత్తిలా పైకి పొడుచుకొస్తే బక్కచిక్కిందని. చర్మం ముడతలు పడి పక్కకు లాగితే అలాగే నిలబడిపోతే ఒంట్లో నీళ్ళు తక్కువని. తోక చివర పాత కుబుసం ఉంగరంలా మిగిలిపోయి ఉందేమో చూడండి, అది రక్తం ఆడకుండా బిగుసుకుపోయి తోక కొస ఎండి రాలిపోతుంది.

తర్వాత తల. రెండు కళ్ళూ ఒకేలా, తేటగా ఉండాలి. రెండూ ఒకేసారి నీలంగా మసకబారి ఉంటే కుబుసం విడిచే ముందు దశ, జబ్బు కాదు, పది పదిహేను రోజులాగి మళ్ళీ రండి. ఒక కన్నే మసకగా, ముడతగా ఉంటే పాత పొర అతుక్కుపోయినట్టు. ముక్కు రంధ్రాల దగ్గర బుడగలు, నోటి అంచున జిగురు ఉండకూడదు. చెవి దగ్గరగా పట్టుకుని ఊపిరి వినండి, ఏమీ వినపడకూడదు. బుసకొట్టడం వేరు, అది కోపం, ఆగిపోతుంది. ప్రతి ఊపిరికీ గురగురమంటే, నోరు తెరిచి తల పైకెత్తి గాలి పీలుస్తుంటే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. పైథాన్లలో నిడోవైరస్ అనే ప్రాణాంతకమైన వైరస్ కూడా ఇవే లక్షణాలతో మొదలవుతుంది. "మందు వేస్తున్నాం, తగ్గిపోతుంది" అన్నా తీసుకోకండి, జాలిపడి కూడా తెచ్చుకోవద్దు.

గడ్డం కింద పొలుసుల మధ్య గీతలా ఒక గాడి ఉంటుంది, అక్కడ టార్చి వేసి చూడండి, మైట్స్ దాక్కునేది అక్కడా, కళ్ళ అంచుల్లో. ఇప్పుడు ఆ టిష్యూని కాస్త తడిపి పామును దాంట్లోంచి పాకనివ్వండి. కాగితం మీద నల్ల చుక్కలు అంటి, అవి కదిలితే వదిలేయండి. చివరగా మలద్వారం చుట్టూ ఎండిన మలం, వాపు లేకుండా శుభ్రంగా ఉండాలి. దాని పక్కన రెండువైపులా చిన్న గోళ్ళలాంటివి కనపడతాయి, అవి గాయాలు కావు, పైథాన్ల పూర్వీకులకు ఉన్న కాళ్ళ ఆనవాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నేను ముల్లు గుచ్చుకుందనుకున్నాను.

ఇక ప్రశ్నలు. పుట్టిన తేదీ, చివరి పదిసార్లు ఏం తింది, ఎంత సైజుది, ఎప్పుడెప్పుడు, కుబుసం ఎప్పుడు విడిచింది, ఇప్పుడు బరువెంత. శ్రద్ధగా పెంచేవాళ్ళ దగ్గర ఇవన్నీ పెట్టె మీద అతికించిన కార్డులో ఉంటాయి, అడగ్గానే చూపిస్తారు. ఫ్రీజర్లో పెట్టి కరిగించిన ఎలుకను తింటోందా అన్నది మాత్రం కచ్చితంగా అడగండి, తింటున్నప్పుడు తీసిన వీడియో చూపించమనండి. కరిగించింది తినే పాము అయితే మీకు సగం కష్టం తప్పినట్టే, ఎందుకంటే బతికున్న ఎలుక పామును కొరికి గాయం చేయగలదు, నిల్వ కూడా ఉంచలేరు. అడుగుతున్నకొద్దీ చిరాకుపడేవాళ్ళ దగ్గర ఎంత మంచి పామున్నా కొనకండి.

ఇప్పుడు రంగు

రంగుల రకాలను మార్ఫ్ అంటారు, బాల్ పైథాన్లో ఇవి వేలల్లో ఉన్నాయి. ఆల్బినో, పైబాల్డ్, పాస్టెల్, క్లౌన్ లాంటివాటితో తెలిసిన పెద్ద ఇబ్బందులేమీ లేవు, నచ్చింది తీసుకోండి. స్పైడర్ అనే మార్ఫ్ మాత్రం వద్దు. సాలెగూడులాంటి సన్నటి నల్ల గీతలతో చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ ఆ రంగునిచ్చే జన్యువే లోపలి చెవి నిర్మాణాన్ని దెబ్బతీస్తుంది. తల వణుకుతుంది, ఒక పక్కకు తిరిగిపోతుంది, ఎలుక మీదికి దూకితే గురి తప్పుతుంది, కొన్ని వెల్లకిలా పడిపోతాయి. కొన్నిటికి తక్కువ, కొన్నిటికి ఎక్కువ, అంతే తేడా. బంబుల్‌బీ లాంటి పేర్లతో వచ్చే మిశ్రమాల్లో కూడా ఇదే జన్యువు ఉంటుంది కాబట్టి పేరు చూసి కాదు, అందులో ఏ ఏ జన్యువులున్నాయని అడిగి తెలుసుకోండి. వోమా, షాంపేన్ మార్ఫులలోనూ ఈ తల వణుకు ఉంది. కారమెల్ ఆల్బినోలో వెన్ను వంకర తరచుగా కనపడుతుంది. కార్పెట్ పైథాన్లలో జాగ్వార్ అనే మార్ఫుకీ నరాల సమస్య ఉంది.

ఏ మార్ఫూ కాని మామూలు బాల్ పైథాన్‌ను ఒకసారి ఎండ తగిలేచోట చూడండి. నల్లటి చాక్లెట్ రంగు మీద బంగారు మచ్చలు, వెలుతురు పడితే పొలుసుల మీద ఇంద్రధనుస్సు మెరుస్తుంది. అన్నిటికన్నా చవక కూడా అదే.

పాము కన్నా ముందు పెట్టె

కనీసం వారం ముందే పెట్టె సిద్ధం చేసి, వేడి సరిగ్గా నిలుస్తోందో లేదో చూసుకోండి. పెద్ద బాల్ పైథాన్‌కు 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉండే పెట్టె కావాలి. పిల్లను కూడా అందులోనే పెట్టొచ్చు, ఆకులు, బెరళ్ళు, కొమ్మలతో బాగా నింపి దాక్కునే చోట్లు ఎక్కువ పెడితే. ఒకవైపు వెచ్చగా, 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండోవైపు చల్లగా, 25 నుంచి 27. పాము తన ఒంటి వేడిని అటూ ఇటూ జరిగి సర్దుకుంటుంది, కాబట్టి రెండువైపులా ఒక్కో గూడు ఉండాలి. ఒక్కటే పెడితే వేడి కావాలా భద్రత కావాలా అని దానికి పరీక్ష పెట్టినట్టే. గూడు ఇరుకుగా, లోపల చుట్టుకుంటే ఒళ్ళు గోడలకు ఆనేలా ఉండాలి, విశాలంగా ఉంటే దానికి నచ్చదు.

థర్మోస్టాట్ లేకుండా ఏ హీటరూ పెట్టొద్దు. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. వేడి పలకల మీద పడుకుని కడుపు కాలిపోయినా కదలకుండా ఉండిపోయే పాములున్నాయి. వేడి రాయి అని అమ్ముతారు, అది అసలు కొనకండి. తేమ 60 శాతం దగ్గర ఉంచండి, కుబుసం విడిచే రోజుల్లో ఇంకొంచెం పెంచండి. కింద పరవడానికి కొబ్బరి పీచు ముక్కలు బాగుంటాయి, తేమ నిలుపుకుంటాయి. దేవదారు రంపపు పొట్టు వాడకండి, దాని నూనెల ఘాటు ఊపిరితిత్తులకు చేటు. తలుపుకు తాళం తప్పనిసరి, పాము తల దూరిన సందులోంచి ఒళ్ళంతా దూరుతుంది. ఒక పెట్టెలో ఒకటే పాము, తోడు కావాలనేది మన ఊహే, వాటికి అక్కర్లేదు.

మొదటి నెల

ఇంటికి తెచ్చాక నీళ్ళు మార్చడం తప్ప వారం రోజులు దాని జోలికి వెళ్ళకండి. ఇంట్లో ఇంతకుముందే వేరే పాములుంటే కొత్తదాన్ని వేరే గదిలో కనీసం రెండు మూడు నెలలు ఉంచాలి.

వారం తర్వాత మొదటి భోజనం. ఎలుక పాము ఒంటిలో బాగా లావుగా ఉన్న చోటంత ఉంటే చాలు. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి కరిగించండి, పెట్టే ముందు కవర్లో వేసి వేడి నీళ్ళలో ముంచి వెచ్చబెట్టండి, మైక్రోవేవ్‌లో పెడితే లోపల ఉడికి పొట్ట పగిలిపోతుంది. పైథాన్లకు పెదవుల మీద చిన్న గుంటలుంటాయి, వాటితో వేడిని పసిగడతాయి. అందుకని తల భాగం కాస్త ఎక్కువ వెచ్చగా ఉండాలి. లైట్లు తగ్గించి, పొడుగు పటకారుతో ఎలుకను నడుం దగ్గర పట్టుకుని గూటి ముందు మెల్లగా కదిలించండి, ముఖం మీదికి పొడవకండి. నాలుక ఆడించడం తగ్గి, మెడ ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంగి కదలకుండా ఆగిందంటే గురి చూస్తోందని. అప్పుడు మీరూ కదలకండి. పట్టుకున్నాక పటకారు వదిలేసి తలుపు వేసేయండి, చూడాలని ఎంత ఉన్నా.

తినకపోతే మర్నాడే మళ్ళీ పెట్టొద్దు, వారం ఆగండి. పిల్లలకు వారానికోసారి, ఏడాది దాటినవాటికి 10 నుంచి 14 రోజులకోసారి, పెద్దవాటికి రెండు మూడు వారాలకోసారి సరిపోతుంది. ప్రతి భోజనం, ప్రతి కుబుసం, నెలకోసారి బరువు ఒక పుస్తకంలో రాసుకోండి. బరువులో పదో వంతు తగ్గితే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, అంతవరకు ఆగండి.

తిన్నాక 48 గంటలు ముట్టుకోకండి, కక్కేస్తే మళ్ళీ కోలుకోవడానికి చాలా రోజులు పడుతుంది. వరసగా మూడుసార్లు తిన్నాక అప్పుడు చేతిలోకి తీసుకోండి. పైనుంచి తల మీదికి చెయ్యి తీసుకెళ్ళొద్దు, గద్ద వచ్చేది అలాగే. పక్క నుంచి, ఒంటి మధ్యలో చెయ్యి పోనిచ్చి, రెండో చేత్తో తోకవైపు బరువు మోస్తూ ఎత్తండి. మొదటి రోజు ఐదు నిమిషాలు చాలు. తల దాచుకుంటే అలాగే కూర్చోండి, కదిలించకండి, కాసేపటికి మీ మణికట్టు మీద ఆ నాలుక తగులుతుంది.